అందరికీ తెలిసిన సంగతి

నా పాత హార్డ్ డిస్క్ ఒకటి ఇప్పటికీ బీరువాలో బట్టల కింద ఉంది. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, 2011లో, నాన్న కొనిచ్చాడు. అందులో ప్రాజెక్టు రిపోర్టుల కంటే జపనీస్ డ్రామాలే ఎక్కువ. హాస్టల్ లాన్‌లో ఎవరో సీనియర్ పెట్టిన ‘హనా యోరి దాంగో’తో మొదలైంది ఆ పిచ్చి. అందులో పొగరుబోతు డబ్బున్న కుర్రాడి వేషం వేసిన మత్సుమోతో జున్, నిజానికి అరాషి అనే ఐదుగురి పాటల బృందంలో ఒకడని తెలిశాక ఇక ఆగలేదు. వాళ్ళ కచేరీలు, వాళ్ళ టీవీ షోలు, ఎవరో ఏ దేశంలోనో కూర్చుని ఉచితంగా సబ్‌టైటిల్స్ రాసి పెట్టినవన్నీ వెతికి దింపుకునేదాన్ని. పరీక్షల ముందు రాత్రి కూడా. ఆ ఐదుగురూ ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటూ నవ్వుతుంటే, నాకు తెలియని భాషలో, నాకు తెలియని ఊళ్ళో, నాకు కూడా ఒక చోటు ఉన్నట్టు అనిపించేది.

ఒక రాత్రి వాళ్ళని తయారుచేసిన ఏజెన్సీ గురించి చదువుతున్నాను. జానీ అండ్ అసోసియేట్స్. జపాన్‌లో అందరూ ‘జానీస్’ అనేవాళ్ళు. పేజీ కిందకి జరుపుతుంటే ఒక పేరా వచ్చింది. వ్యవస్థాపకుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు, ఏదో పత్రిక, ఏదో కోర్టు. నేను వేలు ఆపలేదు. కింద బృందాల జాబితా ఉంది, నాకు అది కావాలి. పక్క మంచం మీంచి నా రూమ్మేట్ తొంగి చూస్తోంది. “ఒక్క నిమిషం ఆగవే, అదేంటి? నిజమేనా?” అంది.

“అదంతా గాసిప్ లేవే. పెద్ద స్థాయిలో ఉన్నవాళ్ళ మీద ఇలాంటివి రాస్తూనే ఉంటారు,” అన్నాను.

“ఓహో” అని అటు తిరిగి పడుకుంది.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించి. కానీ ఆ మాట ఎంత బరువైందో చెప్పాలంటే ముందు జానీస్ ఎలా పనిచేసేదో చెప్పాలి.

*

జపాన్ వినోద పరిశ్రమలో నటుడి కంటే, గాయకుడి కంటే, చాలాసార్లు టీవీ చానెల్ కంటే కూడా బలమైనది ‘జిముషో’. అంటే ఆఫీసు అని అర్థం, కానీ అక్కడ ఏజెన్సీ అనే అర్థంలో వాడతారు. మన దగ్గర మేనేజర్ అంటే హీరో పెట్టుకున్న మనిషి. హీరోకి నచ్చకపోతే మార్చేస్తాడు. అక్కడ వ్యవహారం తలకిందులు. జిముషోయే మనిషిని చిన్నప్పుడే తీసుకుని, నేర్పించి, జీతమో వాటానో ఇచ్చి, ఏ షోకి పంపాలో, ఏ ప్రకటనలో కనపడాలో, ఏ పత్రికతో మాట్లాడాలో తనే నిర్ణయిస్తుంది. బయటికి పోతే పేరు పోతుంది, పని పోతుంది, ఒక్కోసారి సొంత పాటలు పాడుకునే వీలు కూడా పోతుంది.

జానీ కితగావా 1931లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన జపనీయుడు. యుద్ధం తర్వాత టోక్యోలో స్థిరపడ్డాడు. చుట్టుపక్కల కుర్రాళ్ళకి బేస్‌బాల్ నేర్పిస్తూ, వాళ్ళల్లో నలుగురిని ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ సినిమాకి తీసుకెళ్ళాడనీ, ఆ సినిమా చూశాకే పాడుతూ ఆడే కుర్రాళ్ళ బృందం అనే ఆలోచన పుట్టిందనీ చెబుతారు. 1962లో ఏజెన్సీ పెట్టాడు. పిల్లల ఎంపిక, పాటలు, నాటకాలు ఆయన చూసుకుంటే, డబ్బు వ్యవహారం, చానెళ్ళతో బేరాలు అక్క మేరీ చూసుకునేది. ఫోర్ లీవ్స్, హికారు గెంజి, స్మాప్, తోకియో, అరాషి... యాభై ఏళ్ళకి పైగా జపాన్ ఆడపిల్లలు గోడల మీద అంటించుకున్న ముఖాల్లో చాలావరకు ఆ ఇంటి నుంచి వచ్చినవే. అత్యధిక నంబర్ వన్ పాటల నిర్మాతగా ఆయనకి గిన్నిస్ రికార్డు కూడా ఇచ్చారు.

ఆ ఇంటి పునాది ‘జూనియర్లు’. పదేళ్ళు, పన్నెండేళ్ళు ఉన్న పిల్లాడి ఫొటో, వివరాలు ఇంట్లోవాళ్ళు పంపుతారు. తల్లో, అక్కో, ఒక్కోసారి పిల్లాడికి చెప్పకుండానే. పిలుపొస్తే వెళ్ళి డాన్స్ చెయ్యాలి. ఎంపికైతే జూనియర్. చాలామందికి రాతపూర్వకమైన ఒప్పందం ఉండేది కాదు. పెద్ద బృందాల వెనక నాట్యం చేస్తూ ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఎవరు ఎప్పుడు ‘డెబ్యూ’ చేస్తారన్నది పరీక్ష కాదు, ఓటు కాదు, ఒక్క మనిషి ఇష్టం. ఆయన పిల్లల్ని పేరుపెట్టి కాకుండా ఇంగ్లీషులో “యూ” అని పిలిచేవాడట. ఆ పిలుపుని అభిమానులు ముద్దుగా చెప్పుకునేవాళ్ళు. నేనూ చెప్పుకున్నాను. “యూ, నువ్వు చెయ్యి” అంటే ఒక జీవితం మొదలైపోయేది. దూరం ఊళ్ళ పిల్లలకి ఆయన ఇల్లే వసతిగృహం.

ఒక్కసారి ఆ అమరిక చూడండి. పిల్లలు. తల్లిదండ్రులు దూరం. కాగితం లేదు. భవిష్యత్తు మొత్తం ఒకే ముసలాయన వేలి చివర. రాత్రి పడుకునేది ఆయన ఇంట్లో. ఇందులో చెడు జరగకపోతే ఆశ్చర్యపోవాలి గానీ జరిగితే కాదు.

*

ఇక బయటి గోడ. పిల్లలు నోరు విప్పితే మాత్రం ఎవరు వింటారు అన్న ప్రశ్నకి సమాధానం చానెళ్ళ దగ్గర, పత్రికల దగ్గర ఉంది.

జానీస్ ఎవరినీ విడివిడిగా అమ్మేది కాదు. ఒక పత్రిక ఒక బృందం గురించి ఇబ్బందికరమైన వార్త రాస్తే ఆ బృందం ఫొటోలు మాత్రమే ఆగవు, అన్ని బృందాలూ ఆగుతాయి. ఆ పత్రికా సంస్థలోనే టీవీ పత్రికలుంటాయి, ఆడపిల్లల పత్రికలుంటాయి, ఏడాది చివర్లో అచ్చేసే క్యాలెండర్లుంటాయి. అవన్నీ కదులుతాయి. టీవీకైతే, పెద్ద స్టార్ కావాలంటే వెంట కొత్త కుర్రాడికీ చోటివ్వాలి. డ్రామా హీరో వాళ్ళే, టైటిల్ పాట వాళ్ళదే, వంటల షో యాంకరూ వాళ్ళే, ఒక్కోసారి రాత్రి వార్తల షోలో కూర్చునేదీ వాళ్ళే. ఫొటోల మీద పట్టు ఎంతంటే, పత్రికల వెబ్‌సైట్లలో ముఖచిత్రం పెట్టినప్పుడు వాళ్ళ కుర్రాడి బొమ్మ ఉన్నచోట బూడిద రంగు నీడ మిగిలేది. అప్పట్లో మాకది పెద్ద జోకు. ఆ బూడిద నీడల్ని దాచుకునేవాళ్ళం.

విచిత్రమేంటంటే ఇందులో చాలా భాగానికి ఆదేశం అక్కర్లేదు. జపనీస్‌లో ‘సొంతాకు’ అనే మాట ఉంది. పైవాడు నోరు తెరవకముందే వాడి మనసులో ఏముందో ఊహించి ఆ పని చేసిపెట్టడం. 2016 జనవరిలో స్మాప్ సభ్యులు ఏజెన్సీ వదులుతారన్న వార్తలొచ్చినప్పుడు, ఐదుగురూ నల్ల సూట్లలో వరుసగా నిలబడి, సొంత టీవీ షోలో, లైవ్‌లో, తలలు వంచి దేశానికి క్షమాపణ చెప్పారు. నలభై దాటిన, దాటబోతున్న మగవాళ్ళు. నేనప్పటికి ఉద్యోగంలో చేరాను. లంచ్ టైంలో ఫోన్‌లో ఆ వీడియో చూసి ఏడ్చాను, బృందం విడిపోవడం లేదు కదా అన్న సంతోషంతో. ఎవరికి, ఎందుకు క్షమాపణ చెబుతున్నారన్న ప్రశ్న నాకు రాలేదు. ఆ ఏడాది చివర్లో విడిపోనే విడిపోయారు. తర్వాత బయటికెళ్ళిన ముగ్గురు టీవీలో దాదాపు మాయమయ్యారు. వాళ్ళని తీసుకోవద్దని చానెళ్ళ మీద ఒత్తిడి తెచ్చి ఉంటే అది చట్టవిరుద్ధం కావచ్చని అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2019లో ఏజెన్సీని హెచ్చరించింది. ఉల్లంఘన జరిగిందని తేల్చలేదు. ఎలా తేలుతుంది? సొంతాకుకి రసీదు ఉండదు.

*

ఇదంతా రహస్యమా అంటే, కాదు. ఈ కథలో నన్ను నిద్రపోనివ్వనిది అదే.

1960ల్లోనే పత్రికల్లో గుసగుసలున్నాయి. 1988లో ఫోర్ లీవ్స్ మాజీ సభ్యుడు కితా కోజీ, అప్పుడు దేశాన్ని ఊపేస్తున్న హికారు గెంజి కుర్రాళ్ళని ఉద్దేశించి ఒక పుస్తకమే రాశాడు, తనకి ఏం జరిగిందో చెబుతూ. పుస్తకం అమ్ముడుపోయింది. ఏమీ కదల్లేదు. 1999లో ‘షూకన్ బున్షున్’ వారపత్రిక వరస కథనాలు వేసింది. జానీ, ఏజెన్సీ కలిసి పరువునష్టం దావా వేశారు. 2000లో పార్లమెంటు కమిటీలో ఒక సభ్యుడు ఈ విషయం లేవనెత్తాడు కూడా. కుర్రాళ్ళు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. 2002లో కింది కోర్టు పత్రికని 88 లక్షల యెన్ నష్టపరిహారం కట్టమంది. కానీ 2003లో టోక్యో హైకోర్టు, లైంగిక వేధింపుల గురించి రాసినవి ముఖ్యమైన అంశాల్లో నిజమేనని తేల్చి, నష్టపరిహారాన్ని 12 లక్షలకి తగ్గించింది. 2004లో సుప్రీంకోర్టు అప్పీలు తోసిపుచ్చింది.

అంటే 2004 నాటికి ఇది ఆరోపణ కాదు. దేశపు న్యాయస్థానం తేల్చిన విషయం. నేను హాస్టల్లో “గాసిప్ లేవే” అనడానికి ఏడేళ్ళ ముందే.

తీర్పు గురించి దినపత్రికల్లో చిన్న వార్తలొచ్చాయి. టీవీల్లో దాదాపు ఏమీ రాలేదు. తల్లిదండ్రులు ఫొటోలు పంపడం మానలేదు. పోలీసు కేసు కాలేదు. చట్టమూ అలాగే ఉండేది. మగపిల్లాడు అత్యాచార బాధితుడు కాగలడని జపాన్ శిక్షాస్మృతి ఒప్పుకున్నది 2017లో. లైంగిక సమ్మతి వయసుని 13 నుంచి 16కి పెంచింది 2023లో. 2005 అక్టోబరులో ‘హనా యోరి దాంగో’ మొదలైంది. అరాషి శిఖరం ఎక్కింది ఆ తీర్పు తర్వాతే. 2019 జులైలో జానీ చనిపోతే టోక్యో డోమ్‌లో వీడ్కోలు సభ పెట్టారు, ప్రధాని అబే సంతాప సందేశం పంపాడు.

2023 మార్చిలో బీబీసీ డాక్యుమెంటరీ వచ్చింది. ఏప్రిల్‌లో కావువాన్ ఒకమోతో అనే మాజీ జూనియర్, టోక్యోలో విదేశీ విలేకరుల క్లబ్బులో ముఖం దాచుకోకుండా, పేరు దాచుకోకుండా మాట్లాడాడు. అప్పుడు ఆనకట్ట తెగింది. ఆగస్టులో, మాజీ ప్రాసిక్యూటర్ జనరల్ ఒకరు నాయకత్వం వహించిన బృందం నివేదిక ఇచ్చింది. 1970ల తొలి రోజుల నుంచి 2010ల మధ్య దాకా విస్తృతంగా జరిగిందని, అక్క మేరీ కప్పిపుచ్చిందని, ఏజెన్సీ చేతులు కట్టుకుని కూర్చుందని, పత్రికల మౌనం దీన్ని పెంచిందని రాసింది. సెప్టెంబరులో ఏజెన్సీ ఒప్పుకుంది. అక్టోబరు 2న, అప్పటికే 478 మంది ముందుకొచ్చారని చెప్పారు. పేరు ‘స్మైల్-అప్’గా మారింది, పరిహారాలు ఇచ్చి మూసేయడమే ఇక దాని పని అన్నారు. కళాకారుల కోసం వేరే కంపెనీ పెట్టారు. అదే అక్టోబరు 2 సమావేశంలో ప్రశ్న అడగనివ్వకూడని విలేకరుల జాబితా ఒకటి తయారై ఉందని రెండ్రోజులకి బయటపడింది. పాత అలవాట్లు పేరుతో పాటు పోవు.

*

ఇప్పుడు అసలు ప్రశ్నకొస్తాను. అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరూ ఏమీ చెయ్యకపోతే, తప్పు ఎవరిది?

మొదటి జవాబు సులువు. చేసినవాడిది, కప్పినవాళ్ళది. నిజమే. అందులో వాటా పంచుకుంటామని మనం ఎగబడితే, అసలు దోషి బరువు తగ్గించినట్టు అవుతుంది. ‘మనమందరం దోషులమే’ అనే మాటలో ఒక దొంగ ఉదారత ఉంది. అందరూ దోషులైతే ఎవరూ కాదు.

కానీ అక్కడ ఆగితే లెక్క తేలదు. తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో వచ్చిన తన పుస్తకంలో ఒక ఊహ చెబుతాడు. వెయ్యిమంది హింసకులు, వెయ్యిమంది బాధితులు. ప్రతి హింసకుడూ ఒక మీట నొక్కుతాడు. ఆ ఒక్క మీట వల్ల ప్రతి బాధితుడికీ కరెంటు ఎంత కొంచెం పెరుగుతుందంటే, ఆ తేడా వాళ్ళకి తెలియను కూడా తెలియదు. ప్రతివాడూ ‘నా వల్ల ఎవరికీ నొప్పి పెరగలేదు’ అని నిజాయితీగానే చెప్పగలడు. కానీ వెయ్యి మీటలు కలిస్తే భరించలేని హింస. క్యాలెండర్ పోతుందని భయపడిన ఎడిటర్, ‘ఇది వినోదం పేజీ వార్త, మా డెస్కుది కాదు’ అనుకున్న విలేకరి, రేటింగ్ చూసుకున్న నిర్మాత, బీరు ప్రకటనకి ముఖం కావలసిన కంపెనీ, టికెట్ల లాటరీ కోసం ఫ్యాన్ క్లబ్బులో చేరిన అమ్మాయి. ఒక్కొక్కరిదీ ఒక చిన్న మీట.

2023 తర్వాత చానెళ్ళు తమని తాము పరిశీలించుకునే కార్యక్రమాలు వేశాయి. వాటి గురించి చదువుతుంటే ఒకే మాట మళ్ళీ మళ్ళీ తగిలింది: వారపత్రికల గాసిప్ అనుకున్నాం. టోక్యోలో జీతం తీసుకునే సీనియర్ విలేకరీ, హైదరాబాద్ హాస్టల్లో మ్యాగీ తింటున్న నేనూ ఒకే మాట వాడాం. మేమిద్దరం ఎప్పుడూ కలవలేదు. ఆ మాట మా ఇద్దరికీ ఎవరు నేర్పారు?

నాకనిపించేది ఇది. ‘అందరికీ తెలుసు’ అనేది తెలివిడి కాదు, తెలివిడికి మత్తు. ఒక విషయం నా ఒక్కదానికే తెలిస్తే అది నా మెడకి చుట్టుకుంటుంది, ఎవరికో చెప్పాలి, ఏదో చెయ్యాలి. అదే విషయం అందరికీ తెలుసంటే, చెప్పాల్సింది ఏముంది? ఎవరికి చెప్పాలి? కొత్తగా ఏం జరిగింది? ఊరందరి పొలం గట్టులాగా దానికి యజమాని ఉండడు. అది గాసిప్‌గా మారడం అంటే అబద్ధం కావడం కాదు. గాసిప్ నిజమేనని అందరం నమ్ముతాం. నమ్ముతూనే, దాని వల్ల ఏమీ చెయ్యక్కర్లేదని ఒప్పుకుంటాం. నిజాన్ని దాచిపెట్టడానికి అబద్ధం కంటే గాసిప్ మంచి చోటు.

ఏజెన్సీ లోపలి కుర్రాళ్ళ మౌనం వేరు. దాన్ని ఈ లెక్కలో వెయ్యలేను. కొందరు బాధితులు. కొందరు చూసినవాళ్ళు. అందరూ ఆ ఇంటి ఉప్పు తిన్నవాళ్ళు. జపనీయుల్లోనూ ‘ఓన్’ అనే మాట ఉంది, తీర్చుకోవాల్సిన మేలు. మనకి ఉప్పు తిన్న విశ్వాసం ఎంత బరువో వాళ్ళకి అదంత. నిన్ను పైకి తెచ్చిన చెయ్యే నిన్ను ముట్టుకున్నప్పుడు, రెంటినీ విడదీసి ఒకదానికి దండం పెట్టి ఇంకోదాన్ని వేలెత్తి చూపడం పన్నెండేళ్ళ పిల్లాడి వల్ల అవుతుందా? నలభై ఏళ్ళ మగాడి వల్ల మాత్రం అవుతుందా? వాళ్ళని ‘ఎందుకు చెప్పలేదు’ అని అడిగే ముందు, చెప్పినవాళ్ళకి ఏమైందో గుర్తు చేసుకోవాలి. 1988లో పుస్తకం రాసినవాడికి ఏమీ జరగలేదు. అదే కదా జవాబు. 2023లో కూడా, ముందుకొచ్చినవాళ్ళని డబ్బు కోసం అబద్ధాలాడుతున్నారని అభిమానులే ఆన్‌లైన్‌లో తిట్టారు. బాధితుల సంఘంలో ఉన్న ఒకాయన ఆ అక్టోబరులో చనిపోయి కనిపించాడు.

ఇంకొక విషయం. 2023 సెప్టెంబరులో ఏజెన్సీ తప్పు ఒప్పుకున్న కొద్ది రోజుల్లోనే పెద్ద పెద్ద కంపెనీలు ప్రకటనల ఒప్పందాలు ఆపేస్తున్నామని వరసగా చెప్పాయి. జపాన్ ఎయిర్‌లైన్స్, అసాహి, కిరిన్, సంతోరి. ఆ డిసెంబరు 31న ఎన్‌హెచ్‌కే కోహాకు పాటల కార్యక్రమంలో ఆ ఇంటి బృందం ఒక్కటీ లేదు. మంచిదే. కానీ ఆలోచించండి, 2004లో సుప్రీంకోర్టు చెప్పిన దానికీ, 2023లో ఒప్పుకున్న దానికీ మధ్య కొత్తగా బయటపడిన నిజం ఎంత? సంఖ్య పెరిగింది, అంతే. మారింది నిజం కాదు, దాని ధర. అప్పటిదాకా మాట్లాడటం ఖరీదు, మౌనం చవక. ఒక్క వారంలో అది తిరగబడింది. అంతరాత్మ, ధరల పట్టిక చూసుకుని మేల్కొంటే దాన్ని అంతరాత్మ అనొచ్చా? నాకు తెలిసి అనకూడదు. అయితే ధర మార్చగలిగినవాళ్ళు మాత్రం ఉన్నారు. పోయేదంతా తనదే అని తెలిసీ ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడిన కుర్రాడు, అతని వెనక వచ్చిన నడివయసు మగవాళ్ళు. మిగతావాళ్ళమంతా తగ్గిన ధరకి నీతి కొనుక్కున్నాం.

*

ఇన్నాళ్ళూ నేను నాకు చెప్పుకున్న వాదన ఒకటుంది. నేను ఎక్కడో హైదరాబాద్‌లో ఉన్నాను. పైరసీ కాపీ చూశాను. జానీస్‌కి నా నుంచి ఒక్క యెన్ ముట్టలేదు. నా మీట ఏ తీగకీ కలిపి లేదు. నేను ఆ రాత్రి ‘నిజమేనేమో’ అన్నా, ‘గాసిప్’ అన్నా టోక్యోలో ఏ పిల్లాడి రాత్రీ మారేది కాదు.

ఈ వాదనలో తప్పు పట్టలేకపోయాను. 2023 సెప్టెంబరు దాకా.

ఏజెన్సీ ఒప్పుకున్న వార్త నేను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. విరిగిన గుండె బొమ్మతో సహా, అదొక సిగ్గు. రాత్రి పదకొండింటికి నా పాత రూమ్మేట్ నుంచి మెసేజ్ వచ్చింది. పెళ్ళి తర్వాత పుట్టినరోజులకి తప్ప పెద్దగా మాట్లాడుకోవడం లేదు. “హాస్టల్లో ఇది నీ లాప్‌టాప్‌లో చూసి నేనే అడిగాను, గుర్తుందా?” అని. గుర్తుంది అన్నాను. కాసేపు ‘టైపింగ్’ అని వస్తూ పోతూ ఉంది. తర్వాత ఇలా వచ్చింది:

“ఆ రోజు నీకు ఇంకో విషయం చెబుదామనుకున్నా. చిన్నప్పుడు మా ఊళ్ళో. నువ్వు గాసిప్ అన్నాక మానేశా.”

ఆ మెసేజ్‌ని ఎంతసేపు చూశానో తెలీదు. నాకు సమాధానం చెప్పుకోవడానికి ఎన్నో ఉన్నాయి. నాకేం తెలుసు? నేను జపాన్ గురించి కదా మాట్లాడింది? నాకు పంతొమ్మిదేళ్ళు. అన్నీ నిజమే. కానీ నేను జపాన్ గురించి మాట్లాడుతుంటే, తను నా గురించి తెలుసుకుంటోంది. ఇలాంటి మాట ఈ మనిషి దగ్గర పెడితే ఎక్కడికి పోతుందో చూసుకుంటోంది. ‘పెద్దవాళ్ళ మీద ఇలాంటివి రాస్తూనే ఉంటారు.’ తనకి జవాబు దొరికింది.

పార్ఫిట్ ఊహలో నేను చూడని తీగ ఇదేననుకుంటా. నా మీట టోక్యోకి కలిపి లేదు, నిజమే. అది పక్క మంచానికి కలిపి ఉంది. దూరంగా ఉన్న బాధితుల గురించి మనం తేలిగ్గా అనేసే మాట, ఆ దూరంవాళ్ళకి ఎప్పటికీ చేరదు. దగ్గరగా ఉండి, మన మొహం చదువుతున్న మనిషికి చేరుతుంది. అందుకే అభిమానిగా నాకు ఒక బాధ్యత ఉండేదని ఇప్పుడు నమ్ముతున్నాను. కచేరీలు మానెయ్యడం కాదు, ఉద్యమం చెయ్యడం కాదు. ఆ పేరా దగ్గర వేలు ఆపి, చదివి, అడిగినప్పుడు “తెలీదే, కోర్టు నిజమే అందట” అనడం. అంతే. ఆ ఒక్క వాక్యానికి నా జేబులోంచి పైసా పోయేది కాదు. నా ఐదుగురి మీద ముద్దు కాస్త తగ్గేది. అది పోగొట్టుకోవడం ఇష్టం లేక, దాని ఖరీదుని పక్క మంచం మీద వేశాను.

మలయాళ సినిమా గురించి హేమ కమిటీ నివేదిక 2019 చివర్లో ప్రభుత్వం చేతికి వెళ్ళి 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. తెలుగు సినిమా గురించి తెలంగాణ ప్రభుత్వానికి అందిన నివేదిక బయటపెట్టమని అప్పుడే ఇక్కడి ‘వాయిస్ ఆఫ్ విమెన్’ అడిగింది. ఆ రోజుల్లో ఆఫీసు క్యాంటీన్‌లో ఒకతను నవ్వుతూ అన్నాడు, “ఇండస్ట్రీ అంటేనే అంత కదా, అందరికీ తెలిసిందేగా.” ఇదివరకైతే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళ మొహాలు చూశాను. ఆరుగురం ఉన్నాం. ఎవరు మా మొహాలు చదువుతున్నారో నాకు తెలీదు. “నాకు తెలిసింది కొంచెమే, నివేదిక వస్తే చదవాలనుంది,” అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అది ధైర్యం ఏమీ కాదు. పదమూడేళ్ళు ఆలస్యంగా చెప్పిన వాక్యం.

*

పాటలు వింటున్నావా అని మా చిన్నాన్న కూతురు అడుగుతుంది. దానికి కొరియా బృందాల పిచ్చి, నా నుంచే అంటుకుంది. “అక్కా, మరి వాళ్ళ తప్పేం లేదు కదా, వినొచ్చు కదా?” అంటుంది. వాళ్ళ తప్పు లేదనే అనుకుంటాను. ఆ గొంతులు వాళ్ళవి, ఆ చెమట వాళ్ళది. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో బతికి బయటపడ్డ మనుషుల పనిని, ఆ ఇంటి యజమాని పేరు మీద చెరిపేస్తే, మళ్ళీ అతన్నే యజమానిని చేసినట్టు. కానీ వింటుంటే ముందులా లేదు. వెనక వరసలో ఆడుతున్న జూనియర్ల మొహాలు చూస్తున్నాను. పన్నెండేళ్ళు, పదమూడేళ్ళు. ఇదివరకు వాళ్ళు నాకు తెర మీద రంగులు మాత్రమే. కెమెరా వాళ్ళ మీద ఆగేది కాదు, నేనూ ఆగలేదు.

దానికి ఇలాగే చెప్పాను. “విను. కానీ వెనకవరస కూడా చూడు.” సరే అక్కా అంది, అర్థమైందో లేదో.

ఆ రాత్రి రూమ్మేట్ మెసేజ్‌కి నేను చాలా పొడుగ్గా ఒక క్షమాపణ రాశాను. మళ్ళీ చదివితే అందులో అన్నీ నా గురించే ఉన్నాయి, నా సిగ్గు, నా వయసు, నా తప్పు. చెరిపేశాను. “ఇప్పుడు చెప్పాలనుంటే వింటాను. వద్దనుకున్నా సరే,” అని పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

నాలుగు నెలల తర్వాత, సంక్రాంతి సెలవుల్లో, ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. తన పేరు. టీవీ మ్యూట్ చేసి బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. “పనిలో ఉన్నావా?” అంది.

“లేదు, చెప్పు,” అన్నాను.